అందరినీ అడిగి వేసే ప్రణాళిక: ఎవరిని, ఎప్పుడు, దేని గురించి

కొన్నేళ్ళ క్రితం హనుమకొండలో నేను పనిచేసిన ఒక విద్యాసంస్థ రాబోయే ఐదేళ్ళకు ప్రణాళిక తయారు చేసుకోవాలనుకుంది. యాజమాన్యం ఉద్దేశం మంచిదే. అధ్యాపకులు, గుమస్తాలు, ల్యాబ్ సహాయకులు, అటెండర్లు, బస్సు డ్రైవర్లు అందరినీ రెండు రోజుల పాటు ఒక ఫంక్షన్ హాలులో కూర్చోబెట్టి, గోడలకు చార్టులు అంటించి, రంగు చీటీల మీద తమ ఆలోచనలు రాయమన్నారు. రెండో రోజు మధ్యాహ్నం భోజనాలకు లేవబోతుండగా ఒక అటెండర్ నిలబడి, "సార్, ఐదేండ్ల దాకా మనం ఈ బిల్డింగ్‌లనే ఉంటమా?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. నిర్వాహకుడు ఆ ప్రశ్నను "ఇతర అంశాలు" అన్న చార్టు మీద రాయించి ముందుకు సాగాడు. మూడో అంతస్తులో కొత్త ప్రయోగశాల, దాని పక్కన సెమినార్ హాలు అంటూ ప్రణాళిక అచ్చయింది. ఆ పుస్తకం ముసాయిదా సమావేశానికి వారం ముందే సిద్ధమైందని మాకు తర్వాత తెలిసింది. భవనం కిరాయి ఒప్పందానికి మరో రెండేళ్ళే గడువుంది. ఎప్పటిలాగే పొడిగిస్తారని యాజమాన్యం అనుకుంది. భవన యజమాని కొడుకు రెండు ఆదివారాలు వచ్చి టేపుతో గదులు కొలుచుకొని పోయిన సంగతి మాత్రం అటెండర్‌కు తెలుసు, ఆదివారాలు తాళాలు తీసేది అతడే గనుక. రెండేళ్ళు తిరగకుండానే సంస్థ వేరే చోటికి మారవలసి వచ్చింది.

ప్రణాళికను తలకిందులు చేయగల సమాచారం ఆ రెండు రోజులూ ఆ హాలులోనే ఉంది, అయినా కాగితం మీదికి ఎక్కలేదు. దీన్ని యాజమాన్యపు అహంకారంగా మాత్రమే చూస్తే విషయం సగమే అర్థమవుతుంది. సిబ్బంది భాగస్వామ్యం అన్న ఒక్క మాట కింద మనం కనీసం మూడు వేర్వేరు పనులను కలిపేస్తున్నాం. పనిలో ఉన్నవారికి మాత్రమే తెలిసిన సంగతులను పైకి రప్పించడం మొదటిది. ప్రణాళిక వల్ల ఎవరు బాగుపడతారో, ఎవరు నష్టపోతారో బయటపెట్టి, నష్టపోయేవారితో ముందుగానే మాట్లాడుకోవడం రెండోది. నిర్ణయాధికారంలోనే వాటా ఇవ్వడం మూడోది. వీటిలో ఒక్కొక్కదానికి పిలవవలసిన మనుషులు వేరు, పిలవవలసిన వేళ వేరు, కూర్చోబెట్టవలసిన తీరు వేరు. మూడింటినీ ఒకే హాలులో, ఒకే రోజున, ఒకే రకం చీటీలతో ముగించాలని చూసినప్పుడు ఏ ఒక్కటీ సరిగా జరగదు.

తెలిసిన సంగతుల విషయం ముందుగా చూద్దాం. కాకతీయుల కాలం నుంచి చెరువులను నమ్ముకున్న ప్రాంతం మనది. పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువుల విస్తీర్ణమెంతో, ఆయకట్టు ఎన్ని ఎకరాలో రికార్డుల్లో దొరుకుతుంది. కట్ట ఏ చోట చెమ్మగిల్లుతున్నదో, ఏ తూము షట్టరు సగంలో పట్టేస్తున్నదో మాత్రం రోజూ కట్ట మీద నడుస్తూ పొలాలకు నీరు వదిలే నీరటికే ముందు తెలుస్తుంది. నేటి సంస్థల్లోనూ ఇలాంటి నీరట్లు ఉన్నారు. హనుమకొండ కేంద్రంగా ఉత్తర తెలంగాణకు కరెంటు అందించే విద్యుత్ పంపిణీ సంస్థనే తీసుకుంటే, వచ్చే యాసంగికి లోడు ఎంత పెరుగుతుందన్నది దాని ప్రణాళికకు మూలమైన ప్రశ్న. వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల ఉచిత సరఫరా ఉన్నది, పంపుసెట్లలో ఎక్కువ వాటికి మీటర్లు లేవు, కాబట్టి అసలు వాడకం ఎంతన్నది చాలావరకు లెక్కగట్టిన అంచనాయే. ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఈ ఏడు ఎన్ని కొత్త బోర్లు పడ్డాయో, ఎవరు ఐదు హెచ్‌పీ కనెక్షన్ మీద ఏడున్నర హెచ్‌పీ మోటారు నడుపుతున్నారో ఊరి లైన్‌మన్‌కు తెలిసినంతగా కంప్యూటర్‌కు తెలిసే వీలు లేదు.

అయితే ఆ లైన్‌మన్ ఆ సంగతి ఎందుకు చెప్పాలి? చెప్పిన మరుక్షణం ఎదురయ్యే ప్రశ్న "మరి నువ్వేం చేస్తున్నావు?" అన్నదే. కింది స్థాయిలో ఉండే విలువైన సమాచారంలో పెద్ద భాగం ఇలా ఎవరిదో ఒకరి తప్పుతోనో, చూసీ చూడనట్టు వదిలేసిన నిబంధనతోనో ముడిపడి ఉంటుంది. అందుకే ప్రణాళిక కోసం వివరాలు అడిగే వ్యక్తి, పని తనిఖీ చేసే అధికారి ఒకరే కాకూడదు. నా దృష్టిలో ఈ ఒక్క జాగ్రత్త పది వర్క్‌షాపుల కన్నా ఎక్కువ పని చేస్తుంది, పైగా దీనికి ఖర్చు కూడా లేదు. ఇంత తేలికైనది ఎక్కడా ఎందుకు పాటించరంటే, తన విభాగంలోని లోపాలు తనకు తెలియకుండా పై అధికారికి చేరడాన్ని ఏ మధ్యస్థాయి అధికారీ ఇష్టపడడు.

హోదా భయం మరో అడ్డంకి. పెద్దసారు మాట్లాడిన తర్వాత ఆయనకు భిన్నంగా మాట్లాడేవారు మన కార్యాలయాల్లో అరుదు. ఈ చిక్కు మనకొక్కరికే ఉన్నదేమీ కాదు. అమెరికాలోని రాండ్ సంస్థ 1950లలో డెల్ఫీ అనే పద్ధతిని రూపొందించింది. అందులో పాల్గొనేవారు ఒకరికొకరు ఎదురుపడరు. తమ అంచనాను, దానికి కారణాన్ని పేరు లేకుండా రాసి ఇస్తారు. అందరి జవాబులనూ క్రోడీకరించి తిరిగి అందరికీ పంపుతారు. వాటిని చూసి ఎవరి అంచనాను వారు సవరించుకోవచ్చు. ఇలా రెండు మూడు విడతలు నడుస్తుంది. నిపుణుల కోసం పుట్టిన పద్ధతి అయినా దీని కీలకం మన కార్యాలయాలకు సరిగ్గా అతుకుతుంది: మాట ముందు రావాలి, మాట్లాడిన మనిషి ఎవరన్నది తెలియకూడదు. చేతిరాతను బట్టి మనిషిని పోల్చుకోగల ఇరవై మంది ఉండే చిన్న కార్యాలయంలో మాత్రం పేరు లేని కాగితం కూడా పేరున్నదే. అక్కడ బయటి మనిషి ఒకరు ఒక్కొక్కరితో విడిగా కూర్చుని రాసుకోవడం మేలు.

అడిగే ప్రశ్న కూడా ముఖ్యమే. "ఐదేళ్ళ తర్వాత సంస్థ ఎలా ఉండాలి?" అని అడిగితే వచ్చే జవాబులన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, ఎందుకంటే అది కోరికను అడిగే ప్రశ్న. 1970ల ఆరంభంలో షెల్ చమురు కంపెనీలో పియర్ వాక్, ఆయన సహచరులు వేరే దారి పట్టారు. రేపు ఇలాగే ఉంటుందని ఒకే అంచనా కట్టకుండా, ఒకదానికొకటి భిన్నమైన కొన్ని భవిష్యత్తులను ఊహించి, ఒక్కో దానిలో తమ కంపెనీ ఏం చేయగలదని అధికారులను ఆలోచింపజేశారు. చమురు దేశాలు సరఫరా బిగించి ధర పెంచడమన్నది వాటిలో ఒకటి. 1973లో అదే జరిగింది. మా విద్యాసంస్థ సమావేశంలో "ఏది జరిగితే మన పని ఆగిపోతుంది?" అని అడిగి ఉంటే, అటెండర్ ప్రశ్న ఇతర అంశాల చార్టు మీదికి కాక మొదటి చార్టు మీదికే వెళ్ళి ఉండేది.

రెండో పని అసలైన చిక్కుముడి. తెలిసినది చెప్పమని అడగడంలో అందరి ప్రయోజనమూ ఒకటేనన్న భావన దాగి ఉంది. భవిష్యత్తు విషయంలో అది నిజం కాదు, సింగరేణిలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఇల్లందు ప్రాంతంలో 1889లో బొగ్గు తవ్వకం మొదలుపెట్టిన ఈ సంస్థకు 1920లో సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది; ప్రస్తుతం రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న పర్మనెంటు కార్మికుల సంఖ్య ఇప్పుడు దాదాపు నలభై వేలకు దిగింది, ఉత్పత్తి మాత్రం ఈ కాలంలో ఎంతో పెరిగింది. భూగర్భ గనుల స్థానంలో పైనుంచి మట్టి తీసి తవ్వే ఓపెన్‌కాస్టులు రావడం, తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు ఎత్తిన కోల్ ఫిల్లర్ల స్థానంలో యంత్రాలు రావడం, ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతికి వెళ్ళడం ఇందుకు కారణాలు. ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కిన 1990ల నాటి సంస్థకు ఈ మార్పు బతుకుబాట అయింది. అదే మార్పు కార్మికవాడల్లో వేల కుటుంబాలకు కొడుకు ఉద్యోగం లేకుండా చేసింది. ఒకే ప్రణాళిక ఒకరికి ఊపిరి, మరొకరికి నష్టం.

ఇలాంటి సంస్థలో రేపటి గురించి అందరినీ అడగాలంటే, "అందరూ" అంటే ఎవరన్నది ముందుగా తేల్చుకోవాలి. సింగరేణిలో పర్మనెంటు కార్మికుడు 61 ఏళ్ళకు దిగిపోతాడు. ఇక మూడేళ్ళే మస్టరు పడే కార్మికుడికి ఈ దసరాకు లాభాల్లో వాటా ఎంత శాతం ఇస్తారన్నది ముఖ్యం. తండ్రి స్థానంలో కారుణ్య నియామకం మీద నిరుడు చేరిన పాతికేళ్ళ యువకుడికి ముప్ఫై ఐదేళ్ళ తర్వాత కూడా బొగ్గుకు గిరాకీ ఉంటుందా, సంస్థ జైపూర్‌లో కట్టిన 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం, సౌర విద్యుత్ ప్లాంట్లు తనలాంటి వారికి పని చూపిస్తాయా అన్నవి ముఖ్యం. ఇద్దరూ ఒకే గనిలో, ఒకే షిఫ్టులో, ఒకే యూనియన్‌లో ఉండవచ్చు. ప్రతినిధులను విభాగాల వారీగా, కేడర్ల వారీగా ఎంచుకునే మన అలవాటు ఈ తేడాను పట్టుకోలేదు. అనుభవానికి విలువ ఇచ్చే మన సంస్థల్లో ప్రణాళికా సంఘాలన్నీ సాధారణంగా సీనియర్లతో నిండుతాయి; అంటే పదేళ్ళ ప్రణాళికను మూడేళ్ళలో దిగిపోయేవారు రాస్తారు. విభాగంతో పాటు ఇంకా ఎన్నేళ్ళ సర్వీసు మిగిలి ఉందన్నది కూడా ప్రాతినిధ్యానికి కొలబద్ద కావాలన్నది నా అభిప్రాయం.

ఇక సంస్థ గోడ ఎక్కడిదాకా అన్నది మరో ప్రశ్న. కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకునే పద్ధతి సింగరేణిలో 1998 నుంచి ఉన్నది, 2023 డిసెంబరులోనూ ఆ ఎన్నికలు జరిగాయి. దేశంలో ఎన్నో పరిశ్రమల్లో లేని మంచి ఏర్పాటు అది. అయితే ఆ ఓటు పర్మనెంటు కార్మికులకే. అదే ఓపెన్‌కాస్టులో మట్టి తోలే కాంట్రాక్టు డ్రైవర్‌కు లేదు. ఊరు పోగొట్టుకునే రైతుకు ఉన్నది వేరే వేదిక: పర్యావరణ అనుమతుల కోసం 2006 నాటి నోటిఫికేషన్ కింద జరిపే ప్రజాభిప్రాయ సేకరణ. అక్కడ అభ్యంతరాలు నమోదు చేసి పైకి పంపుతారు, అంతే. గనిని ఆపే అధికారం ఆ సభకు లేదు. దానిని అడగడం అనవచ్చు గాని నిర్ణయంలో వాటా అనలేం.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. వంద మంది, అంతకు మించి కార్మికులు ఉన్న చోట కార్మికుల ప్రతినిధులు యాజమాన్య ప్రతినిధుల కన్నా తక్కువ కాకుండా ఉండే వర్క్స్ కమిటీని ఏర్పాటు చేయించే అధికారాన్ని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే ప్రభుత్వానికి ఇచ్చింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా దాన్ని కొనసాగించింది. యాజమాన్య నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యాన్ని 1976లో 42వ సవరణ రాజ్యాంగంలోని 43ఏ అధికరణంగా చేర్చింది, అయితే అది ఆదేశిక సూత్రాల భాగంలో ఉన్నందున దాన్ని పట్టుకొని కోర్టుకు వెళ్ళలేం. వర్క్స్ కమిటీ పని సత్సంబంధాలు కాపాడటం, ఉమ్మడి అంశాల మీద అభిప్రాయం చెప్పడం వరకే. అందుకే చాలా చోట్ల అది క్యాంటీన్ టీ, తాగునీరు, ఫ్యాన్ల చర్చతో ముగుస్తుంది. ఏ యంత్రం కొంటారు, ఏ గని మూస్తారు అన్నవి దాని ముందుకు రావు. పోల్చి చూస్తే గనుల్లో ఉండే పిట్ సేఫ్టీ కమిటీకి బలం ఎక్కువ. విషయం చిన్నది, స్పష్టమైనది. ప్రాణానికి సంబంధించినది కాబట్టి పైకప్పును రాడ్‌తో తట్టి చప్పుడు వినే సర్దార్ (గనిలో షిఫ్టు భద్రత చూసే ఉద్యోగి) మాటను మేనేజరు కొట్టిపారేయలేడు. పైన గనుల భద్రతా అధికారుల కన్ను ఉంటుంది. పరిధి ఇరుకైన కొద్దీ మాటకు బరువు పెరిగింది. ప్రణాళికలో అందరినీ కలుపుకోవాలనుకునే సంస్థలు గమనించవలసిన విషయం ఇది.

మూడో పనికి, అంటే అధికారంలో వాటాకు, మంచి ఉదాహరణ హనుమకొండకు దూరం లేని ముల్కనూరులో ఉన్నది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో 14 గ్రామాల రైతులు అక్కడ సహకార పరపతి, మార్కెటింగ్ సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. 2000లో అదే ప్రాంతపు మహిళలు తమ పాల సహకార సంఘాన్ని పెట్టుకున్నారు. స్వకృషి పేరుతో వచ్చే పాలు వారివే. ఆ డెయిరీ 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఏర్పడింది. ఈ చట్టం ప్రకారం సంఘంలో ప్రభుత్వ వాటాధనం ఉండదు. పాత 1964 చట్టంలోలాగా ప్రభుత్వం పాలకవర్గాన్ని పక్కనపెట్టి తన మనిషిని కూర్చోబెట్టే అవకాశం కూడా ఉండదు. డబ్బు సభ్యులదే, నష్టం వస్తే అదీ సభ్యులదే, కాబట్టి సభ్యులందరూ కూర్చునే మహాజన సభ తంతుగా మిగలదు.

పాల సంఘంలో ప్రణాళిక అన్న మాట పలకకుండానే ప్రణాళిక ఎలా నడుస్తుందో చూడండి. సంవత్సరాంతంలో మిగులు వస్తుంది. దాన్ని బోనస్‌గా పంచుకోవాలా, రిజర్వులో వేసి వచ్చే ఏడు పాల శీతలీకరణ యంత్రం కొనాలా అన్న ప్రశ్న సభ ముందుకు వస్తుంది. రెండు బర్రెలున్న మహిళకు ఆ బోనసు పిల్ల ఫీజు. అదే సమయంలో ఎండాకాలం పాలు విరిగి వెనక్కి వచ్చినప్పుడు పోయే డబ్బు కూడా ఆమెదే. రెండు వైపులా ఆమెకు లెక్క తెలుసు, ఎందుకంటే రోజూ ఎంత వెన్నశాతం వచ్చిందో, ఎంత ధర పడిందో ఆమె చేతిలోని పుస్తకంలో ఉంటుంది. ఈ రోజు చేతికి వచ్చే డబ్బుకు, రేపటి అవసరానికి మధ్య తూకం వేయడమే ప్రణాళిక. విజన్ డాక్యుమెంట్ల నిండా ఉండే పెద్ద మాటలు ఈ తూకాన్ని కనబడనివ్వవు. లెక్కలు చూపించకుండా అభిప్రాయం అడిగే సంస్థలకు కోరికల జాబితా మాత్రమే వస్తుంది; ఆ తర్వాత "వాళ్ళకు సంస్థ పరిస్థితి అర్థం కాదు" అని అదే యాజమాన్యం విసుక్కుంటుంది. ఈ విసుగును నేను చాలా సమావేశాల్లో విన్నాను, లెక్కల పుస్తకం బల్ల మీద పెట్టిన సమావేశాన్ని మాత్రం ఒకటి రెండుసార్లే చూశాను.

ప్రతి సంస్థా సహకార సంఘం కాలేదు, కానవసరమూ లేదు. ఏ స్థాయి వాటా ఇస్తున్నామో నిజాయితీగా చెప్పుకోవడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. పౌరుల భాగస్వామ్యాన్ని 1969లో అమెరికాకు చెందిన షెర్రీ ఆర్న్‌స్టైన్ ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించింది. అట్టడుగున జనాన్ని మభ్యపెట్టే మెట్లు. మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, ఒకరిద్దరిని కమిటీలో వేసి బుజ్జగించడం. పైన భాగస్వామ్యం, అధికార బదిలీ, పూర్తి నియంత్రణ. పై మెట్టే ఎప్పుడూ మంచిదని నేను అనుకోను. మూడో మెట్టు మీద నిలబడి ఏడో మెట్టు మీద ఉన్నట్టు చెప్పుకోవడం దగ్గరే గొడవ మొదలవుతుంది. సంస్థ పరిస్థితిని కార్మికులకు వివరించడానికి గని మీదికి వచ్చే బృందం "వివరించడానికి వచ్చాం" అని చెబితే వినేవాడు గౌరవంగానే వింటాడు. "మీ సలహా కోసం వచ్చాం" అని చెప్పి గంటసేపు వివరించి వెళ్ళిపోతే, మరోసారి పిలిచినప్పుడు హాజరుపట్టీలో సంతకం పెట్టి వెనక తలుపు నుంచి వెళ్ళిపోతాడు.

కాబట్టి పిలుపు పంపే ముందే యాజమాన్యం తనలో తాను మూడు సంగతులు తేల్చుకోవలసి ఉంటుంది: ఏవి ఇప్పటికే నిర్ణయమైపోయాయి, ఏవి ఇంకా తేలలేదు, తేలనివాటిలో వేటి మీద సిబ్బంది మాటే చెల్లుతుంది. ఆ జాబితాను పిలుపుతో పాటే పంపాలి. బడ్జెట్ పరిమితి, ప్రభుత్వ ఉత్తర్వు, బ్యాంకు షరతు వంటివి మార్చలేనివైతే ఆ మాట మొదటి వాక్యంలోనే ఉండాలి. దీనివల్ల సమావేశం కొంత చప్పబడవచ్చు, అయినా చీటీలు రాసేవారికి తాము దేని గురించి రాస్తున్నారో తెలుస్తుంది. ముసాయిదా అచ్చుకు వెళ్ళిన తర్వాత అడిగితే వచ్చేవి అక్షర దోషాల సవరణలే.

దీనికి ఖర్చు లేదని చెప్పడం మోసం అవుతుంది. అందరినీ అడిగితే ఆలస్యమవుతుంది. రాత్రి షిఫ్టు దిగినవారిని సమావేశానికి పిలిస్తే ఆ గంటలకు కూలి ఇవ్వాలి. చాలా సంస్థలు అది ఇవ్వవు, తర్వాత హాజరు తక్కువని వాపోతాయి. ఆడవాళ్ళు ఎక్కువగా పనిచేసే చోట సాయంత్రం ఆరు గంటల సమావేశం అంటే సగం మందిని వద్దనడమే. వరద వచ్చి కాలనీలు మునిగినప్పుడు, కొనుగోలు బేరం రహస్యంగా నడుస్తున్నప్పుడు, అందరినీ అడిగే తీరిక ఉండదు, ఉండనవసరం లేదు. అలాంటి నిర్ణయాలను తర్వాత వివరించవలసిన బాధ్యత మాత్రం మిగులుతుంది.

ఆ విద్యాసంస్థ నుంచి వచ్చేశాక నేను చేరిన చిన్న స్వచ్ఛంద సంస్థలో ఈ జాబితా పద్ధతిని ప్రయత్నించాం. సమావేశంలో వచ్చిన ప్రతి సూచనకూ ఎదురుగా ఏం చేయబోతున్నామో, చేయకపోతే ఎందుకు చేయడం లేదో రాసి, పదిహేను రోజుల్లో నోటీసు బోర్డు మీద పెట్టాం. జీపును అమ్మేసి కిరాయి బండ్లు వాడుకుందామని మా డ్రైవర్ ఇచ్చిన సూచనకు ఎదురుగా "కిరాయి ఎక్కువ పడుతుంది, వీలు కాదు" అని నేనే రాశాను. నాలుగు రోజుల తర్వాత అతడు పాత లాగ్‌బుక్కు, ఏడాది మరమ్మతు బిల్లులు, ములుగు దారిలో తిరిగే రెండు బండ్ల కిరాయి రేట్లు ఒక కవరులో పెట్టుకొని వచ్చి, "మేడం, మీరు రాసింది ఒకసారి చూడుండ్రి, ఇందులో టైర్ల లెక్క లేదు" అన్నాడు. కూర్చుని లెక్క వేశాం. బోర్డు మీది కాగితంలో ఆ వరుస కొట్టేసి, పక్కన కొత్తది రాయవలసి వచ్చింది.